చేయి మారిన పుస్తకము

పుస్తకమును ప్రేమించువానికి దానిని మరియొకరి చేతిలో పెట్టుట ఎన్నడును సులభము కాదు. చేయి దాటిన పుస్తకము తిరిగి రాదని మన పెద్దలు పదే పదే హెచ్చరించిరి. తాళపత్ర ప్రతులను వ్రాసిన వ్రాయసకాండ్రు తుది కమ్మపై వ్రాసిపెట్టిన మాటలలోను ఈ భయమే కనబడును. నూనె నుండియు, నీటి నుండియు, సడలిన కట్టు నుండియు తన్ను కాపాడుమనియు, అన్నిటికంటె ముఖ్యముగ మూఢుని చేతికి తన్నీయవలదనియు పుస్తకము తానే నోరు తెరచి వేడుకొనునట్లు వ్రాయుట వారి ఆచారము. నడుము విరుగ, మెడ వంగ, కన్నులు కాయలు కాయ వ్రాసినవానికి ఆ మాత్రము దిగులుండుట సహజము.

అయినను చరిత్రను తరచి చూచినపుడు మరియొక సత్యము గోచరించును. మన వాఙ్మయమును నిలిపినది దాచుకొన్నవారి ప్రేమ మాత్రమే కాదు. ఎడబాటునకు ఓర్చి ఇచ్చినవారి ప్రేమ అంతకంటె నెక్కువగ నిలిపినది. తెలుగు నాటికి వెలుపల తరతరములుగ స్థిరపడిన మన కుటుంబములకు ఈ విషయము కేవలము పాండిత్యమునకు సంబంధించినది కాదు. కోలారులోనో, మధురలోనో, బరంపురములోనో, షోలాపురములోనో మన ఇండ్ల అటకలపై తాతలనాటి పుస్తకములు నేటికిని గలవు. వానిని చదువగల కన్నులు మాత్రము ఏటేట తగ్గుచున్నవి. అందుచేత ఇచ్చుటకును నిలుచుటకును గల సంబంధమును ఇచట కొంత విచారింప దలచితిమి.

మొదట తాటాకు సంగతి చెప్పవలెను. ఆకును ఆరబెట్టి, ఉడికించి, నునుపుచేసి, సమముగ కత్తిరించి, రంధ్రము చేసి, గంటముతో అక్షరములు గీసి, మసి పూసి తుడిచినచో గీతలలో నలుపు నిలిచి అక్షరము కనబడును. త్రాటితో కూర్చి, పైనను క్రిందను చెక్కలు పెట్టి కట్టినది ఒక గ్రంథము. ఎంత జాగ్రత్త పడినను మన దేశపు ఉక్కకును, చెదలకును, రామబాణపు పురుగునకును అది లోబడినదే. రెండు మూడు వందల యేండ్లకు మించి నిలుచు ప్రతులు అరుదు. నన్నయ నాటి కమ్మ గాని, తిక్కన నాటి కమ్మ గాని నేడు మనకు లేదు. ఉన్నవన్నియు ప్రతులకు ప్రతులు, వానికి మరల ప్రతులు. ఒక గ్రంథము వేయి యేండ్లు బ్రతికినదన్న, ఆ కాలములో దానిని ఎందరో తమ యింటినుండి వెలికి తీసి, ప్రతి వ్రాసికొనుటకై పరుల చేతికిచ్చిరన్న మాట. తిరిగి రాదేమో యన్న భయము వారికి లేకపోలేదు. భయపడుచునే ఇచ్చిరి. అట్లు ఇచ్చినవారి పేళ్లు ఎచ్చటను లేవు. గ్రంథములు మాత్రము ఉన్నవి.

ఇయ్యని పుస్తకమున కేమి గతి పట్టునో పోతన భాగవతమును గూర్చిన ఐతిహ్యము చెప్పుచున్నది. రాజునకు అంకితమీయ నొల్లని కవిపై కినిసి, రాజు ఆ గ్రంథమును పాతిపెట్టించెననియు, వెలికి తీయునప్పటికి కొన్ని భాగములు శిథిలమయ్యెననియు ఆ కథ. కథ ఎంతవరకు నిజమైనను, పంచమ స్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయు రచించి గ్రంథమును పూరించిన మాట వాస్తవము. నేల మాళిగలో నశించినదానిని మరల నిలిపినది చదువరుల పూనిక.

అయితే విడుచుట యన్నంతమాత్రమున అది దానము కాదు. తమిళ దేశమున ప్రాచీన గ్రంథములను వెదకుచు ఊరూర తిరిగిన ఉ. వే. స్వామినాథ అయ్యరు, పాత తాటాకు కట్టలను ఆడి నెలలో నది పొంగినపుడు నీటిపాలు చేసిన కుటుంబములను గూర్చి బాధతో వ్రాసియుండిరి. ఆ యింటివారు పుస్తక ద్వేషులు కారు. చదువురాని తమ యింట సరస్వతి పాడుపడి యుండరాదని, పుణ్యనదిలో కలుపుట మర్యాదయని తలచినవారు. వారిది భక్తియే. కాని ఆ భక్తికి పాఠకుడు తోడు లేడు. పాఠకుని చేతికి చేరని పుస్తకమునకు పూజయు, ప్రవాహమును ఒకటే ఫలము నిచ్చును.

ఇక తెలుగు ప్రతుల ప్రయాణమును చూతము. కర్నలు కాలిన్ మెకంజీ దక్షిణ దేశమును సర్వే చేయుచు, ఊళ్ల చరిత్రలను, శాసనములను, గ్రంథములను సేకరించెను. ఆ పనిలో ఆయనకు కుడిభుజములుగ నిలిచినవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. వారిలో బొర్రయ్య 1803లో చిన్నవయసుననే మరణింపగా, లక్ష్మయ్య ఆ భారమును వహించెను. గ్రామ కరణములు తమ వద్దనున్న కవిలెలను చూపినందుననే నేడు మనము కైఫియతులని చెప్పుకొను స్థానిక చరిత్రలు లభించినవి. మెకంజీ 1821లో మరణించిన పిదప ఆ సేకరణమును కంపెనీవారు కొనిరి. 1828లో విల్సన్ పండితుడు దానికి పట్టిక ప్రకటించెను.

అదే కాలమున జాన్ లేడెన్ అను మరియొక భాషావేత్త కూర్చుకొన్న దక్షిణ దేశపు వ్రాతప్రతులు విచిత్రమైన త్రోవ పట్టినవి. లేడెన్ 1811లో జావా ద్వీపమున మరణించెను. ఆయన గ్రంథములు సముద్రము దాటి లండనులోని కంపెనీ గ్రంథాలయమునకు చేరినవి. అచ్చట వానిని చదువగలవారు లేరు. సెలవుపై స్వదేశమునకు పోయిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వానిని అచ్చట చూచి, ఇవి ఉండదగిన చోటు మదరాసు గాని లండను కాదని అధికారులను ఒప్పించి మరల మన దేశమునకు పంపించెను. వ్రాతప్రతులు సీమకు పోవుచుండిన కాలమున సీమనుండి ఇటు వచ్చిన ఓడలో వ్రాతప్రతులు రావించినవాడాయన.

బ్రౌను చేసిన పని తెలుగువారు మరువరానిది. 1820లో కడపకు వచ్చిన ఆయన, తన బంగళాలో పండితులను నిలిపి, జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని ప్రతులను తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఇందుకై తన జీతమును ఖర్చు పెట్టి అప్పులపాలయ్యెను. 1829లో 693 వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. 1852, 1854 సంవత్సరములలో ఆయన నిఘంటువులు వెలువడినవి. ఈ కృషి కంతకును పునాది ఏమి? ఊళ్లలోని గృహస్థులు తమ ప్రతులను ఎరువిచ్చుట. పరదేశి, పరమతస్థుడు, కంపెనీ ఉద్యోగి యైనవానికి తాత వ్రాసిన భారతమును అప్పగించుట ఆనాటి యింటియజమానికి అల్పమైన పని కాదు. ఇచ్చినవారికి తమ గ్రంథమును గూర్చి బెంగ యుండియుండును, కాని ఇచ్చిరి.

ఇంతకును మించినది మరియొకటి గలదు. జీవితమంతయు ధారపోసి కూర్చుకొన్న ఆ వ్రాతప్రతులను బ్రౌను తన వెంట గొనిపోలేదు. వానిని మదరాసు లిటరరీ సొసైటీకి ఒసగెను. మెకంజీ, లేడెన్, బ్రౌనుల సేకరణములే తరువాత మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు మూలధనమైనవి. ఉద్యోగము చాలించుకొని లండను చేరిన పిదప బ్రౌను 1865 నుండి అచ్చటి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు బోధించెను, 1884లో మరణించెను. తాను మిక్కిలి ప్రేమించిన గ్రంథములు తనకు వేల మైళ్ల దూరమున ఉండగా ఆయన ఆ కాలమును గడపెను. అందుచేతనే అవి మనకు దక్కినవి. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడి మదరాసు వెలుపల నిలిచినపుడు, అందలి అనేక తెలుగు ప్రతులు ఆ నగరముననే యుండిపోయినవి. అవియు మనవలెనే తెలుగు నాటికి వెలుపల నివసించుచున్నవి.

మదరాసు కంటె ప్రాచీనమైనది తంజావూరు కథ. నాయక రాజులు తెలుగువారు. రఘునాథ నాయకుడును, విజయరాఘవ నాయకుడును కవులు. వారి ఆస్థానము తెలుగు కవులకును కవయిత్రులకును పుట్టినిల్లు. 1673లో ఆ రాజ్యము కూలినది. కొలది యేండ్లలో మరాఠులు వచ్చిరి. క్రొత్త ప్రభువుల మాతృభాష మరాఠీ. ప్రజల భాష తమిళము. అట్టిచోట పాత ప్రభువుల తెలుగు గ్రంథములు చెత్తకుప్ప పాలగుట ఆశ్చర్యము కాదు. కాని అట్లు జరుగలేదు. షాహజీ మహారాజు తానే తెలుగున రచనలు చేసెను. 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజి గ్రంథ సంపదను ఎంతగానో పెంచెను. 1855లో మగసంతు లేక ఆ రాజవంశ పాలన ముగిసెను. తుదకు 1918లో రాజకుటుంబము వారి సమ్మతితో సరస్వతీ మహలు ప్రజాగ్రంథాలయమైనది. పిదప పండిత కుటుంబములు కొన్ని తమ యింటి సేకరణములను గూడ అందు చేర్చినవి. తెలుగు రాజుల చేతినుండి మరాఠీ రాజుల చేతికి, వారి చేతినుండి తమిళనాట ప్రజల చేతికి మారినను ఆ తెలుగు గ్రంథములు తెలుగు గ్రంథములుగనే నిలిచినవి. పుస్తకము తన భాషను మాటలాడు నేలపైననే బ్రతుకునన్న నియమము లేదు. దానిని గౌరవించు చేయి యున్న చాలును.

ఆ తంజావూరిలో పుట్టిన ఒక కావ్యము చేతులు మారిన తీరును ఇచట కొంత వివరముగ చెప్పవలెను. ప్రతాపసింహ మహారాజు కాలమున, అనగా 18వ శతాబ్ది నడుమ, ముద్దుపళని అను కవయిత్రి ‘రాధికాసాంత్వనము’ రచించెను. 1887లో అది ఒకసారి అచ్చయినది. మైసూరు సీమలోని నంజనగూడున 1878లో జన్మించి, బెంగుళూరులోను మదరాసులోను గాయనిగ కీర్తిగాంచిన నాగరత్నమ్మగారు తెలుగు, కన్నడ, సంస్కృతములు నేర్చిన విదుషి. ముద్దుపళని పేరు విని ఆమె ఆ గ్రంథమునకై వెదకిరి. అచ్చు ప్రతి దొరకుటయే దుర్లభమైనది. తరువాత వ్రాతప్రతియు చేతికి చేరినది. రెండిటిని పోల్చి చూడగా, అచ్చు ప్రతిలో కొన్ని భాగములు విడువబడినట్లు తేలినది. స్త్రీ రచించిన గ్రంథమును స్త్రీయే పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రముగ ప్రకటించెను.

దానిపై కలకలము బయలుదేరినది. అశ్లీలమను నెపమున 1911లో ప్రభుత్వమువారు ప్రతులను స్వాధీనము చేసికొనిరి. వావిళ్లవారును, పండితులును చేసికొన్న విన్నపములు అప్పటికి ఫలింపలేదు. బాహాటముగ అమ్మరాని ఆ పుస్తకము మూడు దశాబ్దములకు పైగా పాఠకుల యిండ్లలో తలదాచుకొని బ్రతికినది. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమున నిషేధము తొలగినది. 1952లో గ్రంథము మరల అచ్చయినది. ఆ యేడే నాగరత్నమ్మగారు పరమపదించిరి. ఆమె ఆ వ్రాతప్రతిని తన పెట్టెలో దాచుకొని, తానొక్కతెయే చదివి ఆనందించియుండిన ఎవరును తప్పు పట్టరు, నిందలును వచ్చియుండవు. తాను ప్రేమించినదానిని పదిమందికి ఇచ్చినందుననే నిందకు గురియయ్యెను. ఇచ్చుటకు ధైర్యము గూడ వలయునని ఆ చరిత్ర చెప్పుచున్నది.

నాగరత్నమ్మగారు తన సంపాదనను వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిన సంగతి అందరెరిగినదే. ఆ స్వామి కీర్తనలు మనకు దక్కిన తీరును, అన్నమాచార్యుల సంకీర్తనలు మనకు దక్కిన తీరును ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన మన విషయము మరింత స్పష్టమగును.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించిరి. ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించిరని ప్రతీతి. తాటాకు నశించునని యెరిగి, వారి వంశీయులు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారములో భద్రపరచిరి. అంతకంటె దృఢమైన భద్రత లోకములో లేదు. చెద ముట్టలేదు; పురుగు తొలువలేదు. కాని ఆ గది మూతపడినది. కొలదిపాటి పాటలు భజన సంప్రదాయములో మిగిలినవి గాని, తక్కినవి శతాబ్దముల పాటు లోకమునకు మరుగైనవి. 1922లో ఆ రేకులు వెలుగు చూచినపుడు రెండు వేలకు పైగా దొరకినవి. సాహిత్యము చెక్కుచెదరలేదు, రాగముల పేళ్లును రేకులపై నున్నవి. ఆ రాగములలో అన్నమయ్య ఎట్లు పాడెనో చెప్పగలవారు మాత్రము లేరు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలైనవారు పరిష్కరించిరి. మైసూరు మహారాజ కళాశాలలో మూడు దశాబ్దములకు పైగా తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పెక్కింటికి స్వరములు కూర్చిరి. కన్నడ దేశమున జీవితములో పెద్ద భాగము గడపిన తెలుగు పండితుడు తిరుపతి పాటకు మరల గొంతు నిచ్చుట మనకు గర్వకారణము.

త్యాగరాజస్వామి (1767–1847) పాటలకు రాగిరేకులు లేవు, భాండారము లేదు. శిష్యులుండిరి. తిల్లస్థానము, ఉమయాళ్పురము, వాలాజాపేట అను మూడు తావుల శిష్యులు తమ గురువు పాటలను వ్రాసికొనిరి, పాడిరి, తమ శిష్యులకిచ్చిరి. వాలాజాపేట వేంకటరమణ భాగవతారుగారి మాతృభాష సౌరాష్ట్రము. ఆయన కుటుంబమున నిలిచిన వ్రాతప్రతులు పిదప మధుర సౌరాష్ట్ర సభకు చేరి, పరిశోధకులకు ఆధారమైనవి. తెలుగు పాట, తమిళ దేశము, సౌరాష్ట్ర శిష్యుడు. ఇందరి చేతులు మారినందుననే ఆ కీర్తన నేటికిని ఎడతెగక వినబడుచున్నది. అన్నమయ్య మూడు శతాబ్దములకు పూర్వుడగుటచే ఈ పోలిక కొంత అసమానమని ఒప్పుకొనవలెను. అయినను రాగిరేకు అక్షరమును కాపాడినదనియు, చేయి మారిన కాగితము పాటను కాపాడినదనియు చెప్పుట సత్యదూరము కాదు. రెండును వలయును. రెండవది లేక మొదటిది మూగవోవును.

అచ్చు పుస్తకములు వచ్చిన పిదప ఈ ఇచ్చిపుచ్చుకొనుట గ్రంథాలయోద్యమ రూపము దాల్చినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తంజావూరు రాజుల గ్రంథములు ప్రజలవైన ఆ 1918లోనే, చేనేతకు పేరుగాంచిన వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టినది. రాజకోటలోను, సాలెవారి ఊరిలోను ఒకే యేడు పుస్తకము ఒక్కరి సొత్తుగ నుండుట మాని పదుగురి సొత్తైనది. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడపిరి. పాఠకుడు పుస్తకము వద్దకు రాలేకపోయిన పుస్తకమే పాఠకుని రేవునకు పోయినది. ఇట్టి గ్రంథాలయములలోని పుస్తకములు పెక్కింటిపై ఎవరో యొక గృహస్థుని సంతకము ముందే యుండును. ఒకప్పుడది ఒకరి బల్లపై నున్న ప్రియగ్రంథము.

ఇప్పుడు మన యిండ్ల మాట. తెలుగు మాటలాడుచు, అక్షరములు మాత్రము తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో నేర్చిన పిల్లలు మన యిండ్లలో పెరుగుచున్నారు. ఇందు వారి దోషము లేదు. తాతగారి భారతము, నాయనమ్మగారి శతకములు, పాత ‘భారతి’ సంచికలు, ఒకటి రెండు తాటాకు కట్టలు పెట్టెలో నుండును. దసరాలలో సరస్వతీ పూజనాడు వెలికి వచ్చి, పసుపు కుంకుమలు పూయించుకొని, మరల పెట్టెలోనికి పోవును. ఇల్లు మారునపుడో, అన్నదమ్ములు భాగములు పంచుకొనునపుడో అవి తూకమునకు పోవుటయు మేమెరుగుదుము. పెద్దల గుర్తును ఎట్లు విడుతుమని పదేండ్లు దాచి, పదునొకండవ యేట తెలియకయే పోగొట్టుకొనుచున్నాము.

కావున మా మనవి యిది. ఇంటిలో చదువరి యున్నంతవరకు పుస్తకము ఇంటనే యుండవలెను. పిల్లలకు తెలుగు లిపి నేర్పుటకు అంతకంటె మంచి సాధనము లేదు. చదువరి లేనపుడు దానికి చదువరిని వెదకుట మన విధి. బంధువులలో, ఇరుగుపొరుగు తెలుగు కుటుంబములలో, పాఠశాల తెలుగు ఉపాధ్యాయులలో మొదట వెదకవలెను. ఇచ్చుటకు ముందు ఆ పుస్తకము ఎవరిది, ఏ యూరిది, ఎవరిద్వారా వచ్చినది అను సంగతి లోపలి పుటపై వ్రాయవలెను. పెద్దలు అంచులలో వ్రాసికొన్న వ్రాతలున్న చెరపరాదు. తాటాకు ప్రతులకు తెలియక నూనె రాయుట, గట్టిగ వంచుట తగదు. ప్రతి ఆకును ఛాయాచిత్రము తీయించి యింట నుంచుకొని, మూలమును జాగ్రత్త చేయగల భాండాగారమునకు రసీదు పుచ్చుకొని యిచ్చుట మేలు. వ్రాతప్రతుల జాబితాలు కూర్చి కాపాడుటకై భారత ప్రభుత్వము 2003లోనే జాతీయ స్థాయిలో పనికి పూనినది. తంజావూరున, చెన్నపట్టణమున గల భాండాగారములు మనకు దగ్గరలోనే యున్నవి.

ఇచ్చిన నాడు మనసు చివుక్కుమనక మానదు. అరలో ఖాళీ కనబడును. తండ్రి వ్రేలు తగిలి నలిగిన పుట మరి మన కంటబడదు. ఆ బాధ అసత్యమని మేము చెప్పము. ప్రేమ లేనిచోట బాధయు లేదు. పిల్లను అత్తవారింటికి పంపిన తల్లిదండ్రుల కన్నీరు వంటిది అది. ఇల్లు బోసిపోవును, వంశము మాత్రము మరియొక యింట వర్ధిల్లును. నాలుగు రాష్ట్రములలోను, యానాములోను మనము మన భాషను ఇట్లే కాపాడుకొంటిమి; పుట్టిన నేలను విడిచి వచ్చియు దానిని వాడుకలో నుంచుటచే నిలిపితిమి. పుస్తకమునకు వేరొక ధర్మము లేదు. ఈ యేటి సరస్వతీ పూజకు పెట్టె తెరచినపుడు, పసుపు కుంకుమలు పెట్టుటకు ముందు ఒక్కొక్క పుస్తకమును చేత బట్టి, దీనిని చదువువారెవరని ప్రశ్నింపుడు. సమాధానము ఇంట దొరకిన ధన్యులము. దొరకనిచో అది దొరకు గడపకు దానిని మన చేతులతో చేర్చుదము.